తాడు తెగిన చోట: ఆరు కౌబాయ్ అచ్చుబొమ్మల కేస్ స్టడీ

కాగితం మీది కళాకృతులను పరిశీలించడం, మరమ్మతు చేయడం, భద్రపరచడం నా వృత్తి. చాలా ఏళ్లుగా ఆరిజోనాలో ఈ పని చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది ఫీనిక్స్ ప్రాంతంలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం నా దగ్గరకు తెచ్చిన ఆరు అచ్చుబొమ్మల సంగతి. యజమాని ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. చిత్రకారుడి పేరు, బొమ్మల శీర్షికలు, పోలిక కోసం వెళ్లిన సంస్థ పేరు కావాలనే వదిలేశాను. ఈ కేసులో నేను ఒక తప్పు అభిప్రాయాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేసి ఇచ్చాను, ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పరికరాలన్నీ సరిగా పనిచేస్తున్నప్పుడు కూడా అలాంటి తప్పు ఎలా జరుగుతుందో ఈ రంగంలో ఉన్నవారికి, బొమ్మలు కొనేవారికి తెలియాలన్నదే దీన్ని రాయడానికి కారణం.

నేపథ్యం

అమెరికా పడమటి ఎడారి మీద, కౌబాయ్ జీవితం మీద తొలి తరం అచ్చుబొమ్మలు సేకరించేవారు ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. తైలవర్ణ చిత్రం ఒక్కటే ఉంటుంది. అచ్చుబొమ్మ అలా కాదు. చెక్క దిమ్మ మీదనో లినోలియం అనే మెత్తని పలక మీదనో బొమ్మ చెక్కి, మిగిలిన ఎత్తు భాగానికి సిరా పూసి, కాగితం పరిచి ఒత్తితే ఒక ముద్ర వస్తుంది. దిమ్మ ఉన్నంతకాలం ముద్రలు వస్తూనే ఉంటాయి, చెక్కినవాడు పోయిన తర్వాత కూడా.

ఈ రంగంలో అందరికీ తెలిసిన ముగ్గురిని చూస్తే పరిస్థితులు ఎంత వేరుగా ఉంటాయో అర్థమవుతుంది. జర్మనీలో పుట్టి, 1918లో న్యూమెక్సికో చేరి, శాంటా ఫేలో స్థిరపడిన గుస్టావ్ బౌమన్ తన దిమ్మలు తానే చెక్కి, తన ప్రెస్సు మీద తానే రంగులు అద్దేవాడు. పెన్సిల్‌తో సంతకం, ఎడిషన్ సంఖ్య (మొత్తం ఎన్ని ప్రతుల్లో ఇది ఎన్నోదో చెప్పేది), హృదయంలో అరచేయి గుర్తు వేసేవాడు. అంత పద్ధతిగల మనిషి కూడా ప్రకటించిన ఎడిషన్ మొత్తాన్ని చాలాసార్లు ఒకే విడతలో ముద్రించలేదు కాబట్టి, ఒకే సంఖ్య వరుసలోని రెండు ప్రతుల మధ్య రంగు తేడా ఉండడం సహజం. ఫిలడెల్ఫియాలో 1883లో పుట్టి, కుర్రతనంలోనే ఆరిజోనా వచ్చి, పశువుల మందల వెంట పనిచేసిన లోన్ మెగార్గీ తన కౌబాయ్ అచ్చుబొమ్మలను 1933లో పుస్తకంగా తెచ్చాడు. అందువల్ల ఆయన బొమ్మ ఒకటి చేతికొచ్చినప్పుడు అది విడి ప్రతా, పుస్తకంలోంచి తీసిన పుటా అన్న ప్రశ్న మొదటే వస్తుంది. ఇక ఎవరెట్ రూయెస్ 1934లో ఇరవై ఏళ్ల వయసులో యూటాలోని ఎస్కలాంటే లోయల్లో కనిపించకుండా పోయాడు. ఆయన చెక్కిన లినోలియం దిమ్మలు మిగిలాయి, వాటినుంచి తర్వాతి కాలంలో మళ్లీ ముద్రలు తీశారు. ఒకరి దగ్గర లెక్క ఉంది, ఒకరి దగ్గర పుస్తకం ఉంది, ఒకరి దగ్గర మనిషి పోయాక మిగిలిన దిమ్మలు ఉన్నాయి. నా దగ్గరకు వచ్చిన బొమ్మల చిత్రకారుడు ఈ మూడో కోవకు దగ్గర. ఆయన మరణించాక దిమ్మలు చేతులు మారాయని మాత్రం అందరికీ తెలుసు.

వచ్చిన సమస్య

యజమాని ఇంజినీరు. పిల్లలతో కలిసి ఎడారి దారుల్లో నడవడం అలవాటై, ఆ ఇష్టమే బొమ్మల మీదికి మళ్లింది. ఒక ఇంటి పాత సామాను అమ్మకంలో ఈ ఆరింటినీ ఫ్రేములతో సహా కొన్నారు. 1930ల నాటివని, చిత్రకారుడు స్వయంగా ముద్రించినవని అమ్మినవారు చెప్పిన మాట మీద పెద్ద మొత్తమే పెట్టారు. ఇన్సూరెన్సు కోసం విలువ కట్టించబోతే ఆ నిపుణుడు సందేహం వెలిబుచ్చాడు. నా దగ్గరకు వచ్చేసరికి ఆయన మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే: "ఇవి అసలువేనా, నకిలీవా, అది ఒక్కటి చెప్పండి చాలు."

ఆ ప్రశ్నను ఆయన అడిగిన రూపంలోనే నేను స్వీకరించడం ఈ కేసులో మొదటి పొరపాటు.

బొమ్మలకు ఒకటి నుంచి ఆరు వరకు సంఖ్యలు వేసుకున్నాను. మొదటిది లాసో తాడు, అంటే పశువులను పట్టే ఉచ్చు తాడు, విసురుతున్న కౌబాయ్. రెండోది సాయంకాలం సగువారో అనే ఎత్తైన ఎడారి జెముడు కింద ఆగిన ఒంటరి రౌతు, ఇంటిల్లిపాదికీ ఇష్టమైనది. మూడోది గాలిమర పక్కన తొట్టిలో నీళ్లు తాగుతున్న గుర్రాలు. నాలుగోది మబ్బుల కింద బల్లపరుపు కొండ. అయిదోది వంట బండి. ఆరోది మట్టి ఇటుకల ఇల్లు. ఒకటి, రెండు, నాలుగు చెక్క దిమ్మలవి, మిగిలినవి లినోలియంవి. నల్లటి పెద్ద భాగాల్లో చెక్క ఈనెలు (చెక్కలోని సహజమైన నారల గీతలు) పడ్డాయా లేదా అన్నది చూస్తే ఆ తేడా తెలుస్తుంది. నాలుగింటి మీద పెన్సిల్ సంతకం ఉంది.

యజమానికి తనదైన అనుమానం ఒకటుంది. సగువారో దక్షిణ ఆరిజోనా వైపున్న సొనోరా ఎడారిలో మాత్రమే పెరుగుతుంది కదా, రెండో బొమ్మలో దాని వెనుక ఉత్తరాది ఎర్రకొండల వంటివి ఎలా వచ్చాయి అని అడిగారు. మంచి పరిశీలనే కాని, అది కాలాన్ని చెప్పదు. ఎడారి అనగానే సగువారోను, ఎర్రకొండను ఒకే చట్రంలో కూర్చడం ఆనాటి బొమ్మల్లో మామూలే.

ఫ్రేములు విప్పగానే కనిపించినది విచారకరం. వెనుక అట్టపెట్టె ముక్కలు పెట్టి బిగించారు. ఆ అట్ట గాడుల్లోని ఆమ్లం కాగితంలోకి దిగి, బొమ్మల వీపు మీద గోధుమరంగు చారలు సమాన దూరంలో దువ్వెనతో గీసినట్టు పడ్డాయి. ముందువైపు మ్యాట్ (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) అంచు తగిలిన చోట కాలినట్టు ముదురు గీత ఉంది. వెంటనే కడిగి శుభ్రం చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. నేను ఆగాను. ఆ మరకలు, ఆ జిగురు, ఆ ముడతలు అన్నీ సాక్ష్యాలే. కాలం తేలకముందు కడిగితే కొంత సాక్ష్యం నీళ్లలో పోతుంది. ఈ కేసులో నేను సరిగా తీసుకున్న తొలి నిర్ణయం ఇదే.

చేసి చూసినవి, విఫలమైనవి

ముందు భూతద్దం. ఆఫ్‌సెట్ ముద్రణ అయితే పది రెట్ల పెద్దతనంలోనే పూలలా గుంపులు కట్టిన సన్నని రంగు చుక్కలు కనిపిస్తాయి. ఇక్కడ చుక్కలు లేవు. గీతల అంచున సిరా పక్కకు నెట్టుకుపోయి సన్నని గట్టు కట్టింది, ఏటవాలు వెలుతురులో వీపు మీద ఒత్తు కనిపించింది. ఇంతమాత్రాన సరిపోదు. బొమ్మను ఫొటో తీసి జింకు రేకు మీద ఆమ్లంతో కొరికించి చేసే లైన్ బ్లాకులోనూ చుక్కలుండవు, ఒత్తూ ఉంటుంది, సిరా గట్టూ ఉంటుంది. ఆ కాలపు పత్రికలు, పుస్తకాలు అలాంటి బ్లాకులతో నిండి ఉన్నాయి. కాబట్టి గీతల చివరలు చూశాను. కత్తి దిగిన చోట మొన పదునుగా ఉంది. తెల్లగా వదిలిన చోట్ల ఉలి పూర్తిగా తీయని సన్నని రేగుళ్లు అక్కడక్కడా సిరా అంటుకుని మిగిలాయి. ఆరూ చేత్తో చెక్కిన దిమ్మల ముద్రలేనని నమ్మకం కుదిరింది.

తర్వాత అతినీలలోహిత దీపం. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950 ప్రాంతం నుంచి కాగితపు తయారీలోకి వచ్చాయి. అవి ఉన్న కాగితం ఆ దీపం కింద నీలి తెలుపులో వెలుగుతుంది. చీకటి గదిలో అయిదు కాగితాలు మసకగా ఉండిపోయాయి, రెండోది మాత్రం వెలిగింది. అయిదు తొలినాటివి, ఒకటి తర్వాతది అని నేను తేల్చాను. ఆ వారమే యజమానికి రాతపూర్వకంగా ఇచ్చాను, ఆయన దాన్ని ఇన్సూరెన్సువారికి పంపారు.

ఆ తీర్మానంలో రెండు లోపాలున్నాయి. వెలగకపోవడం పాతదనానికి రుజువు కాదు. మెరుపు రసాయనం కలపని మల్బరీ కాగితం, నూలు కాగితం ఈనాటికీ తయారవుతున్నాయి, దిమ్మ ముద్రలు తీసేవారు కోరి కొనేదీ అదే. రెండో లోపం ఇంకా పెద్దది: వెలుగు ఎక్కడినుంచి వస్తున్నదో నేను చూడలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

సంతకాలను పోల్చే ప్రయత్నం కూడా ఎటూ తేలలేదు. నాకు దొరికిన సంతకపు నమూనాల్లో సగానికి పైగా అమ్మకాల జాబితాల్లోనివి, వాటి నిజానిజాలే ఎవరూ తేల్చలేదు. తేలని దాన్ని తేలని దానితో పోల్చి నిశ్చయానికి రావడం సాధ్యం కాదు. ఒక ఫ్రేము వెనుక దుకాణం చీటీ ఉంది, దాని చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ ఉంది. అమెరికాలో జిప్ కోడ్ 1963లో వచ్చింది కనుక ఆ చీటీ అంతకు ముందుది కాదు. అయితే చీటీ ఫ్రేము వయసు చెబుతుంది, లోపలి కాగితం వయసు చెప్పదు.

నన్ను ఆపింది మొదటి బొమ్మ సంతకం. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుండగా, కాగితం మూల నుంచి వచ్చిన ఒక పాత ముడతను పెన్సిల్ గీత దాటుతున్న చోట గ్రాఫైట్ ముడతలోకి దిగి, విరిగిన నారల మధ్య పేరుకుని ఉంది. సంతకం ముందు చేసి ముడత తర్వాత పడి ఉంటే, మడత శిఖరం మీది గ్రాఫైట్ నారలతో పాటు రాలి, అక్కడ గీత తెగినట్టు కనిపించేది. ఇక్కడ జరిగింది దానికి తిరగబడి ఉంది. కాగితం కొంతకాలం చేతులు మారి, నలిగాక ఎవరో సంతకం చేశారు. ఆ ఎవరో చిత్రకారుడే కావచ్చు, కాకపోవచ్చు. ముద్ర తీసిన వెంటనే చేసిన సంతకం మాత్రం కాదు. అంతకు ముందు వారం నేను "తొలినాటి ప్రతి" అని రాసిచ్చిన అయిదింటిలో ఇదొకటి.

పనిచేసినది

అప్పుడు ప్రశ్న మార్చుకున్నాను. అసలా నకిలీయా అన్నది పక్కన పెట్టి, ఈ కాగితం దిమ్మ జీవితంలో ఏ దశలో దాని మీద పడింది అని అడిగాను. కాగితం వయసు దాచుకోగలదు, దిమ్మ దాచుకోలేదు.

ఈ ఆలోచన నాకు పుస్తకాల కంటే ముందు మా అమ్మమ్మగారి ఊరికి దగ్గరలోని పెడనలో తెలిసింది. కలంకారీ అద్దేవారు బట్ట చూసి, ఏ తీగ కొత్త అచ్చుతో పడిందో, ఏది అరిగిన అచ్చుతో పడిందో చెప్పేవారు. అరిగినకొద్దీ గీత లావెక్కుతుంది, మొనలు మొద్దుబారతాయి, ఎక్కడో ఒక పెచ్చు ఊడి తెల్లగా ఖాళీ పడుతుంది. ఊడిన పెచ్చు తిరిగి రాదు. అందుకే అది కాలానికి నమ్మకమైన గుర్తు.

పోలికకు తేదీ ఖాయమైన ప్రతి ఉండాలి. ఒక ప్రజా సంస్థ అధ్యయన గదిలో ఇదే చిత్రకారుడి బొమ్మలు కొన్ని ఉన్నాయి. ఆయన బతికుండగానే, 1930ల నడుమ, తానే ఇచ్చినట్టు చేర్పు పుస్తకంలో నమోదై ఉంది. మన ఆరింటిలో మొదటి నాలుగు అక్కడ దొరికాయి. అనుమతి తీసుకుని, రెండు రోజులు కూర్చుని, ఒకే ఎత్తు నుంచి ఒకే ఏటవాలు వెలుతురులో ఫొటోలు తీసి, కొలతలు రాసుకున్నాను.

మొదటి బొమ్మలో కౌబాయ్ తలపై తిరిగే లాసో తాడు సంస్థ ప్రతిలో ఒక్క గీతగా, ఎక్కడా తెగకుండా ఉంది. మన ప్రతిలో మూడు చోట్ల తెగింది. ఆ తెగుళ్లను మొదట నేను సిరా సరిగా అంటని చోట్లనుకున్నాను. సిరా లోపమైతే అంచులు మసకబారి, వెలిసిపోయినట్టుంటాయి. ఇవి పెచ్చు ఊడినట్టు నిటారుగా తెగాయి.

నాలుగో బొమ్మ ఇంకా స్పష్టంగా మాట్లాడింది. కొండ మీదుగా అడ్డంగా ఒక వెంట్రుక మందపు తెల్లగీత ఉంది. ఎడారిలో మధ్యాహ్నం వేళ దూరాన తేలే ఆవిరి పొర అని, చిత్రకారుడే చెక్కాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. సంస్థ ప్రతిలో ఆ గీత లేదు. తిరిగి చూస్తే, కత్తి గీతకు ఉండవలసిన సన్నబడే మొన దీనికి ఎక్కడా లేదు. బొమ్మ చుట్టూ ఉన్న అంచుగీతను కూడా చీల్చుకుని కాగితం అంచు వైపు వెళ్లిపోయింది. ఏ చిత్రకారుడూ తన అంచుగీతను అలా కోసుకోడు. అది దిమ్మ పగులు, చెక్క ఈనె వెంట పారినది.

ఈనె అన్నది మరో కొలతకు దారి చూపింది. ఎండినప్పుడు చెక్క ఈనెకు అడ్డంగా కుంచించుకుపోతుంది, ఈనె వెంట దాదాపు మారదు. నాలుగో బొమ్మలో ఈనె అడ్డంగా ఉంది కాబట్టి, దిమ్మ కుంచించుకుపోయి ఉంటే బొమ్మ ఎత్తు తగ్గాలి, వెడల్పు అలాగే ఉండాలి. కొలిస్తే సరిగ్గా అలాగే వచ్చింది: ఎత్తులో సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా ఉంది, వెడల్పులో తేడా లేదు. అయితే దీన్ని వెంటనే నమ్మకూడదు. ముద్రించేటప్పుడు కాగితం తడిపి ఉంటే, ఆరాక కాగితం కూడా కుంచించుకుపోతుంది, అదీ ఒక దిశలో ఎక్కువగా. మొదటి బొమ్మ ఇక్కడ పనికొచ్చింది. దానిలో కాగితపు నార దిశ నాలుగోదానికి అడ్డంగా ఉన్నా, తేడా మాత్రం చెక్క ఈనెకు అడ్డంగానే వచ్చింది. అంటే కుంచించుకుపోయింది కాగితం కాదు, దిమ్మ. ఫీనిక్స్ పొడిగాలిలో దశాబ్దాలు ఉన్న చెక్కకు జరగవలసిందే అది.

లినోలియంలో పగులు ఈనె వెంట పారదు, దానికి ఈనె లేదు. అవిసె నూనె, బెరడు పొడి కలిపి చేసిన ఆ పలక వయసుతో గట్టిపడి, పెళుసెక్కి, సన్న గీతల అంచులు పొడిలా రాలుతుంది. మూడో బొమ్మలో గాలిమర రెక్కలే అన్నిటికంటే సన్నవి. అవి సంస్థ ప్రతిలో ఎంత పదునుగా ఉన్నాయో మన ప్రతిలోనూ అంతే పదునుగా ఉన్నాయి. ఇది తొలి దశ ముద్ర.

ఇక రెండోది. నేను తర్వాతిదని పక్కన పెట్టిన ఒంటరి రౌతు. సంస్థ ప్రతితో పక్కపక్కన పెడితే, మన ప్రతిలో గుర్రపు జూలు గీతలు ఇంకా సన్నగా ఉన్నాయి. దిమ్మ దశ చూస్తే ఇది సంస్థ ప్రతి కంటే కూడా ముందుది కావాలి. మరి దీపం కింద ఎందుకు వెలిగింది? తిరిగి వచ్చి కాగితం అంచును మైక్రోస్కోపు కింద నిలబెట్టి చూశాను. ఒక పొర కాదు, రెండున్నాయి. ఎవరో ఎప్పుడో పలుచని మల్బరీ కాగితం చిరిగిపోకుండా వెనుక మరో కాగితం అంటించారు. ఒక మూలను తడి ఆవిరితో మెత్తబరిచి అర సెంటీమీటరు విడదీసి దీపం పెడితే పై పొర మసకగా ఉంది, కింది పొర వెలుగుతోంది. కింది కాగితపు వెలుగే పై పొర గుండా వచ్చి నన్ను తప్పుదారి పట్టించింది.

చివరకు తేలింది ఇది. రెండు, మూడు తొలినాటి ముద్రలు. ఒకటి, నాలుగు అసలు దిమ్మ నుంచే, దిమ్మ పగిలి కుంచించుకుపోయాక తీసినవి. అయిదోదానికి పోలిక ప్రతి దొరకలేదు. కాగితం, సిరా మొదటి, నాలుగో బొమ్మలతో కలిసినందువల్ల అదీ తర్వాతిదే అయివుండవచ్చని రాశాను. ఆరోదాన్ని తేల్చలేకపోయాను, నివేదికలో ఆ మాటే రాశాను. మునుపటి అభిప్రాయాన్ని రద్దు చేస్తూ యజమానికి, ఇన్సూరెన్సువారికి విడివిడిగా ఉత్తరాలు పంపాను. మొదటి పరిశీలనకు తీసుకున్న రుసుము తిరిగి ఇచ్చేశాను.

"అంటే నేను మోసపోయినట్టేనాండీ?" అని ఆయన అడిగారు. తర్వాత తీసిన ముద్ర మోసం కాదు, అది అదే చేతితో చెక్కిన అదే దిమ్మ. దాన్ని చిత్రకారుడు స్వయంగా తీసిన ప్రతి అని చెప్పి అమ్మడం దగ్గరే తప్పుంది. ముడత మీద చేసిన సంతకం మాత్రం వేరే విషయమని, ఆ ఒక్క కాగితాన్ని అమ్మినవారికి తిరిగి ఇచ్చే హక్కు ఉందని చెప్పాను. ఆయన ఫొటోలతో ఉత్తరం రాస్తే ఆ ప్రతి తాలూకు సొమ్ము తిరిగి వచ్చింది.

కాలం తేలాకనే మరమ్మతు. మరకలున్నవాటిని నేరుగా నీళ్లలో ముంచకుండా, క్షారం కొద్దిగా కలిపిన శుద్ధజలంతో తడిపిన బ్లాటర్ (నీటిని పీల్చే మందపాటి కాగితం) మీద పరిచి, ఆమ్లాన్ని కిందికి లాగించాను. పసుపు చాలావరకు పోయింది, మ్యాట్ గీత జాడ మిగిలింది. బ్లీచింగ్‌తో దాన్నీ తీయవచ్చు కాని, బలహీనపడిన నారలకు అది భారం. ఆరబెట్టేటప్పుడు బరువు పెట్టి చదును చేయలేదు, మెత్తటి ఫెల్టుల మధ్య నెమ్మదిగా ఆరనిచ్చాను. వీపు మీది ఒత్తు చదునైపోతే, రేపు మరొకరు పరిశీలించడానికి ఏమీ మిగలదు. రెండో బొమ్మ వెనుక కాగితాన్ని ఊడదీయలేదు. అంటించిన జిగురు గట్టిది, లాగితే పై పొరకే ప్రమాదం.

గ్రహించినవి

దీపం, భూతద్దం చెడ్డ సాధనాలు కావు. అవి "ఇది కాదు" అని చెప్పగలవు, "ఇదే" అని చెప్పలేవు. నేను కాదన్నదాన్ని అవునన్నదిగా చదివాను. అంతకంటే ముఖ్యంగా, ఒక్కో కాగితాన్ని విడిగా పెట్టుకుని ఎంత సేపు చూసినా దొరకని జవాబు, అదే దిమ్మ నుంచి వచ్చిన మరో కాగితం పక్కన పెట్టగానే దొరికింది. ఇలాంటి బొమ్మ కొనేవారు సంతకం కంటే ముందు అతి సన్నని గీతలు చూడాలి: తాడు, జూలు, గాలిమర రెక్కలు, ముళ్లు. తేదీ తెలిసిన ప్రతి ఏ సంస్థలో ఉందో వెతికి, దాని ఫొటో చేతిలో పెట్టుకుని అమ్మకానికి వెళ్లాలి. పెద్ద సంస్థల అధ్యయన గదుల్లో ముందుగా అడిగితే చాలా చోట్ల చూపిస్తారు. ఆ గదులు పండితుల కోసమేనని మనవాళ్లు వెనకాడడం నాకు బాధ కలిగిస్తుంది. ఇక నా వరకు, పోలిక ప్రతి చూడకుండా కాలం గురించి రాతలో ఏమీ ఇవ్వకూడదన్న నియమం ఆనాటి నుంచి పాటిస్తున్నాను.

ఇప్పటి స్థితి

రెండు, మూడు బొమ్మలు నూలు మ్యాట్లలో, గోధుమ గంజి అతుకులతో, అతినీలలోహిత కిరణాలు ఆపే అద్దం వెనుక ఉన్నాయి. యాభై లక్సు (వెలుతురు కొలత) మించని మసక వెలుతురులో, ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే గోడకు వేలాడతాయి, మిగతా కాలం పెట్టెలో ఉంటాయి. నాలుగో బొమ్మను యజమాని అమ్మలేదు. దాని మ్యాట్ వెనుక పెన్సిల్‌తో ఇలా రాశాం: "అసలు దిమ్మ నుంచి. పగులు పడిన తర్వాత తీసిన ముద్ర. ముద్రించినవారు తెలియదు." ఆయన కూతురికి ఇప్పుడు ఆరింటిలోకీ అదే ఎక్కువ ఇష్టమట, కొండ మీదుగా పోయే ఆ తెల్లగీతను వేలితో చూపిస్తుందట. ఆయన మాత్రం తాడు తెగని కౌబాయ్ ప్రతి కోసం వెతుకుతున్నారు. మూడు తెగుళ్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టిన ఫొటో ఒకటి ఫోనులో పెట్టుకున్నారు, అమ్మకానికి వెళ్లిన ప్రతిచోటా ముందు అదే తెరుస్తున్నారు.